గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత బరువు: ఎంత తగ్గుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

సంక్షిప్తంగా: జీర్ణాశయాన్ని చిన్నది చేసి, పేగు దారి మళ్లించి బరువు తగ్గించే ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్. అది చేయించుకున్నవారు ఏడాది, ఏడాదిన్నరలో సగటున తమ మొత్తం బరువులో 30 శాతం దాకా తగ్గుతారు. తర్వాత కొంత తిరిగి పెరుగుతుంది. పదేళ్ల తర్వాత చూసినా పాతిక శాతం తగ్గుదల మిగిలి ఉన్నట్లు దీర్ఘకాలిక అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రచారాల్లో కనిపించే 70, 80 శాతం వేరే లెక్క. బరువు మొదట చకచకా దిగి, తర్వాత నెమ్మదించి, చివరికి ఒకచోట నిలవడం ఈ ఆపరేషన్ సహజ లక్షణం. విటమిన్ మాత్రలు, ఏటా రక్త పరీక్షలు జీవితాంతం ఉంటాయి.

## ఏ 70 శాతం?

ఆపరేషన్‌కు ముందు కౌన్సెలింగ్‌లో ఎక్కువగా వినిపించే మాట "60 నుంచి 80 శాతం తగ్గుతారు" అన్నది. ఆ శాతం దేనిలోనో చెప్పకపోవడం వల్లే సగం నిరాశలు పుడుతున్నాయి. అది మొత్తం బరువులో శాతం కాదు, "అదనపు బరువు"లో శాతం. ఎత్తుకు తగ్గ బరువు ఎంతో లెక్కగట్టి, దానికి మించి ఉన్నదాన్ని అదనపు బరువు అంటారు.

160 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోల బరువున్న మహిళను తీసుకుందాం. ఆమె బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక, దాదాపు 47. ఆ ఎత్తుకు బీఎంఐ 25 రావాలంటే 64 కిలోలుండాలి. అంటే అదనపు బరువు 56 కిలోలు. ఆపరేషన్ తర్వాత ఆమె మొత్తం బరువులో 30 శాతం, అంటే 36 కిలోలు తగ్గి 84 కిలోలకు వచ్చిందనుకుంటే, అదనపు బరువులో 64 శాతం పోయినట్లు. డాక్టరు దృష్టిలో ఇది మంచి ఫలితం. అయినా ఆమె బీఎంఐ ఇంకా 33 దగ్గరే ఉంటుంది. భారతీయులకు వాడే 23 బీఎంఐని గీటురాయిగా పెట్టుకుంటే అదే 36 కిలోలు 59 శాతంగా కనిపిస్తాయి. మనిషి మారలేదు, తూకం మారలేదు, లెక్క మారింది.

ఇప్పుడు అదే ఎత్తున్న 95 కిలోల మహిళను చూడండి. ఆమెకూ 30 శాతమే తగ్గి 66.5 కిలోలకు వస్తే, అదనపు బరువులో 92 శాతం పోయినట్లవుతుంది. ఆపరేషన్ ఇద్దరికీ ఒకేలా పనిచేసింది. కాగితం మీద మాత్రం ఒకరు పాసు, ఇంకొకరు ఫస్టుక్లాసు. అందుకే ఇటీవలి పరిశోధనలు మొత్తం బరువులో తగ్గిన శాతాన్నే ఎక్కువగా వాడుతున్నాయి. రోగి అడగాల్సిన ప్రశ్న కూడా అదే: "నా మొత్తం బరువులో ఎంత తగ్గొచ్చు? ఎన్ని కిలోల దగ్గర ఆగొచ్చు?"

ఎప్పటి బరువు నుంచి లెక్కిస్తున్నారన్నది ఇంకో మెలిక. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలపాటు రోజుకు 800 నుంచి 1,000 కేలరీల ఆహారం ఇస్తారు. కాలేయంలోని కొవ్వు తగ్గి, జీర్ణాశయాన్ని కప్పి ఉండే ఎడమ భాగం కుంచించుకుపోయి, సర్జన్‌కు చోటు దొరకడానికి ఇది అవసరం. ఈ రెండు వారాల్లో తగ్గిన నాలుగైదు కిలోలను కొందరు లెక్కలో కలుపుతారు, కొందరు కలపరు. ఇతరులతో పోల్చుకునే ముందు ఈ తేడా చూసుకోవాలి.

## లోపల మారేదేమిటి

బైపాస్‌లో ప్రధాన రకమైన రూ-ఎన్-వై పద్ధతిలో జీర్ణాశయం పైభాగంలో 15 నుంచి 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని స్టేప్లర్‌తో వేరు చేస్తారు. చిన్నపేగును కొంత దూరంలో కోసి, కింది కొసను పైకి తెచ్చి ఆ సంచికి కలుపుతారు. మిగిలిన జీర్ణాశయాన్ని తీసేయరు. అది లోపలే ఉండి రసాలు ఊరుస్తూనే ఉంటుంది. ఆ రసాలు, పిత్తరసం, క్లోమరసం వేరే పేగు గుండా వచ్చి, ఒక మీటరు, మీటరున్నర దిగువన ఆహారంతో కలుస్తాయి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1960లలో మొదలుపెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్‌ను 1990ల నుంచి లాపరోస్కోపీ ద్వారా, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, చేస్తున్నారు.

సంచి చిన్నది కాబట్టి తక్కువ తింటారు, పేగు దారి మళ్లింది కాబట్టి తిన్నది ఒంటికి పట్టదు: ఈ వివరణ చాలాకాలం చలామణి అయింది. ఇందులో రెండో సగం బలహీనమైనది. మామూలు పొడవు పేగులతో చేసిన బైపాస్‌లో కేలరీలు వృథాగా పోవడం వల్ల తగ్గే బరువు చిన్న వాటాయే. ఖనిజాలు, విటమిన్లు పట్టకపోవడం మాత్రం నిజం. అంటే లాభం వైపు పెద్దగా పనిచేయని ఈ లోపం నష్టం వైపు గట్టిగానే పనిచేస్తుంది.

అసలు పని హార్మోన్లది. ఆహారం త్వరగా చిన్నపేగు కింది భాగానికి చేరడంతో జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు భోజనం తర్వాత మామూలు కంటే ఎన్నో రెట్లు విడుదలవుతాయి. ఇవి మెదడుకు "చాలు" అని చెప్పే సంకేతాలు. ఒట్టి డైటింగ్‌తో బరువు తగ్గినప్పుడు ఆకలి పెంచే గ్రెలిన్ పెరిగి, శరీరం పోయిన బరువును వెనక్కి లాగుతుంది. బైపాస్ తర్వాత ఆ లాగుడు చాలావరకు బలహీనపడుతుంది. నాలుగు చెంచాల పెసరపప్పు కట్టుతో కడుపు నిండినట్లు అనిపించడం ఒక్క సంచి కొలత వల్లే కాదు.

## నెలల వారీగా ఎంత

120 కిలోలతో మొదలైన మనిషికి సుమారుగా ఇలా ఉంటుంది. మొదటి నెల చివరికి 10 నుంచి 12 కిలోలు, మూడు నెలలకు 19 నుంచి 22, ఆరు నెలలకు 28 నుంచి 31, ఏడాదికి 35 నుంచి 38 కిలోలు తగ్గుతాయి. మొదటి ఆరు నెలల్లోనే మొత్తం తగ్గుదలలో నాలుగింట మూడు వంతులకు పైగా అయిపోతుందన్నమాట. ఆ తర్వాత నెలకు కిలో, అరకిలో చొప్పున నడిచి, 12 నుంచి 18 నెలల మధ్య అత్యల్ప బరువు వస్తుంది. కొందరిలో రెండేళ్లదాకా సాగుతుంది.

ఇవి సగటు అంకెలు. వయసు ఎక్కువున్నవారు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవారు కొంత తక్కువ తగ్గుతారు. మోకాళ్లు అరిగి నడవలేనివారు, స్టెరాయిడ్లు లేదా కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడుతున్నవారు కూడా అంతే. సగటు 30 శాతం అయినప్పుడు 20 శాతం దగ్గర ఆగేవారూ, 40 శాతం దాకా వెళ్లేవారూ ఉంటారు.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఇంటికి వచ్చి తూకం వేసుకుంటే రెండు కిలోలు పెరిగి కనిపించవచ్చు. అది ఆసుపత్రిలో ఎక్కించిన సెలైన్. నాలుగైదు రోజుల్లో మూత్రంలో పోతుంది.

దీని తర్వాత ఎక్కువమందిని భయపెట్టేది మూడు, నాలుగు వారాల మధ్య వచ్చే ఆగుడు. ఏడు నుంచి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు ముల్లు కదలదు. తినేది రోజుకు ఐదారు వందల కేలరీలు, అయినా బరువు దిగకపోవడం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. కాలేయం, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో అరకిలో దాకా పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. మొదటి రెండు వారాల్లో ఈ నిల్వ కరిగి, దాని నీరూ పోతుంది. అందుకే మొదట్లో తగ్గుదల అంత భారీగా ఉంటుంది. ద్రవాహారం నుంచి మెత్తటి ఆహారానికి మారగానే ఆ నిల్వలో కొంత తిరిగి నిండి, నీరు మళ్లీ చేరుతుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా చేరిన నీరు దాన్ని కప్పేస్తుంది. నడుము కొలత టేపు మాత్రం నిజం చెబుతుంది. వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, ఉదయం కాలకృత్యాల తర్వాత చూసుకుంటే చాలు. రోజుకు మూడుసార్లు ఎక్కి దిగడం వల్ల పెరిగేది బీపీయే.

## చివరికి ఎందుకు ఆగుతుంది

బరువు తగ్గాలంటే ఖర్చయ్యే శక్తికీ తినే శక్తికీ మధ్య ఖాళీ ఉండాలి. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ ఖాళీ చాలా పెద్దది. 120 కిలోల శరీరం ఊరికే కూర్చున్నా ఎక్కువ కేలరీలు ఖర్చు చేస్తుంది, తినేది చూస్తే 800 కేలరీలు దాటదు. ఏడాది గడిచేసరికి రెండు వైపుల నుంచీ ఖాళీ పూడుతుంది. శరీరం 84 కిలోలకు దిగింది కాబట్టి ఖర్చు తగ్గింది. సంచి కొంత సాగి, పేగు అలవాటుపడి, రకరకాల ఆహారం పడుతోంది కాబట్టి తినేది 1,000 నుంచి 1,400 కేలరీలకు పెరిగింది. రెండూ కలిసిన చోట బరువు నిలుస్తుంది. ఆ చోటును చాలావరకు శరీర తత్వం నిర్ణయిస్తుంది. వ్యాయామం, ఆహారపుటలవాట్లు దాన్ని కొన్ని కిలోలు అటూ ఇటూ జరపగలవు.

తర్వాతి ఏళ్లలో ఏమవుతుందో చూపే అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. 1987లో మొదలైన స్వీడన్ ఊబకాయ అధ్యయనంలో బైపాస్ చేయించుకున్న వర్గం చిన్నదే, 265 మంది. వారిలో తగ్గుదల ఒకటి, రెండేళ్లకు 32 శాతం, పదేళ్లకు 25 శాతం, పదిహేనేళ్లకు 27 శాతం. ఆపరేషన్ లేకుండా మామూలు వైద్యం పొందినవారి బరువు అన్నేళ్లూ రెండు, మూడు శాతం లోపే అటూ ఇటూ ఊగింది. అమెరికాలోని యూటా అధ్యయనంలో సగటు తగ్గుదల రెండేళ్లకు 45 కిలోలు, ఆరేళ్లకు 36.3 కిలోలు, పన్నెండేళ్లకు 35 కిలోలు. ఆరేళ్ల తర్వాత గీత దాదాపు చదునుగా ఉండటం ఇక్కడ గమనించాల్సింది. అమెరికాలోనే పది ఆసుపత్రుల్లో జరిగిన మరో పెద్ద అధ్యయనంలో ఏడేళ్లకు సగటు తగ్గుదల 28.4 శాతంగా నమోదైంది.

దీన్నిబట్టి, 84 కిలోలకు దిగిన మహిళ ఐదేళ్లకు 88, 90 కిలోల దగ్గర ఉంటే అది ఊహించిన దారే. 100 దాటితే మాత్రం కారణం వెతకాలి.

## కంచంలో

మొదటి రెండు రోజులు పలుచటి ద్రవాలు: మజ్జిగ తేట, వడకట్టిన చారు, పంచదార కలపని నిమ్మనీళ్లు. తర్వాత రెండు వారాలు పాలు, పప్పు కట్టు, పలుచటి రాగి జావ, ప్రొటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో మిక్సీలో మెత్తగా చేసినవి, ఐదారు వారాల్లో వేలితో నలిగేంత మెత్తటివి, ఎనిమిదో వారానికి మామూలు ఆహారం. ఆసుపత్రిని బట్టి వారం అటూ ఇటూ మారుతుంది. కుట్లు మానకముందే తొందరపడి ఘనాహారం తింటే సంచి మీద ఒత్తిడి పడుతుంది.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం. తెలుగిళ్ల భోజనంలో ఇది తేలిక కాదు. అన్నం, చారు, కూర, పెరుగు వరసలో మొదట అన్నం కడుపులోకి పోతే చిన్న సంచిలో ఇంక దేనికీ చోటుండదు. శాకాహారికి ఒక రోజు లెక్క ఇలా వేయొచ్చు: 200 గ్రాముల పెరుగులో 7 గ్రాములు, చిక్కటి పప్పు ఒక కప్పులో 8, పనీర్ 75 గ్రాముల్లో 13, మీల్‌మేకర్ ఎండువి 30 గ్రాముల్లో 15, గ్లాసుడు పాలల్లో 6. మొత్తం 49. మిగతా లోటు ప్రొటీన్ పొడితో పూడాల్సిందే. మాంసాహారికి గుడ్డుకు 6 గ్రాములు, 100 గ్రాముల వండిన చేపలో 20 గ్రాముల దాకా, చికెన్‌లో 25 గ్రాములకు పైగా వస్తాయి. మొదటి మూడు నెలల్లో ఇంత పరిమాణం ఎవరికీ పట్టదు కాబట్టి మాంసాహారులకూ పొడి అవసరమే.

ఏది ఇరుక్కుంటుందన్నది అనుభవంలోకి వచ్చాకే చాలామందికి తెలుస్తుంది. ముద్దగా ఉడికిన అన్నం, మెత్తటి బ్రెడ్డు, చపాతీ సంచి అడుగున బంకలా పట్టుకుంటాయి. పొడిగా వేయించిన చికెన్ ముక్క నమలకుండా మింగితే సంచి మూతి దగ్గర నిలిచిపోతుంది. రొమ్ము ఎముక వెనక బరువుగా నొక్కినట్లుండి, నోట్లో లాలాజలం ఊరి, కాసేపటికి తెల్లటి నురగ బయటికి వస్తుంది. కరకరలాడే పలుచటి దోసె, పులుసులో ఉడికిన చేప అంత ఇబ్బంది పెట్టవు. భోజనం 20 నుంచి 30 నిమిషాలు సాగాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్న అరగంట దాకా ఆగాలి. రోజు మొత్తానికి లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీరు గుక్కగుక్కగా పోవాలి. మొదటి నెలలో మళ్లీ ఆసుపత్రిలో చేరేవారిలో ఒంట్లో నీరు తగ్గిపోయినవారు తక్కువేమీ కాదు.

జిలేబీ, బొబ్బట్టు తిన్నా, పంచదార కలిపిన జ్యూస్ తాగినా పావుగంట, అరగంటలో గుండెదడ, చెమట, కడుపులో మెలిక, విరేచనం రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. తీపి నేరుగా చిన్నపేగులోకి పడి, చుట్టూ ఉన్న నీటిని లాక్కోవడం దీనికి ఒక కారణం. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వచ్చే రెండో రకంలో ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై రక్తంలో చక్కెర పడిపోతుంది. అలా పడిపోయినప్పుడు ఆకలేసి మళ్లీ తీపి తినడం, మళ్లీ పడిపోవడం అన్న చక్రంలో చిక్కుకున్నవారిలో బరువు తిరిగి పెరగడం కనిపిస్తుంది.

## తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు

పోయిన బరువులో పావు వంతు దాకా కండ ఉండొచ్చు. ప్రొటీన్ చాలకపోతే, బరువులెత్తే వ్యాయామం లేకపోతే ఇంకా ఎక్కువ. మొదటి నెల నుంచి నడక, రెండో నెల తర్వాత డాక్టరు అనుమతితో వారానికి రెండు, మూడు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఇందుకే. మూడో నెల నుంచి దువ్వెనకు గుప్పెళ్లు గుప్పెళ్లుగా జుట్టు వస్తుంది. ఆపరేషన్ ఒత్తిడికి ఒకేసారి విశ్రాంతి దశకు చేరిన వెంట్రుకలు అవి. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఆగి మళ్లీ మొలుస్తాయి. ఏడాది తర్వాతా రాలుతుంటే ఐరన్, జింక్, ప్రొటీన్ లోపాలు వెతకాలి. వేలాడే చర్మం వ్యాయామంతో పోదు. పొట్ట, చేతుల దగ్గర ప్లాస్టిక్ సర్జరీ కావాలనుకునేవారు బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే చేయించుకోవాలి.

మాత్రల జాబితా చిన్నది కాదు: మల్టీవిటమిన్, రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం, అదీ సిట్రేట్ రూపంలో, ఒక్కోసారి 500 మిల్లీగ్రాములకు మించకుండా, విటమిన్ డి 3,000 యూనిట్లు, బీ12 రోజుకు 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు లేదా నెలకో ఇంజెక్షన్, నెలసరి వచ్చే మహిళలకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఐరన్. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మధ్యలో రెండు గంటలు ఉండాలి. శాకాహారుల్లో బీ12 ఆపరేషన్‌కు ముందే తక్కువగా ఉండటం మన దగ్గర మామూలు. ముందుగా సరిచేయకపోతే రెండో ఏటికే కాళ్ల తిమ్మిర్లు మొదలవ్వొచ్చు. రక్త పరీక్షలు 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా. నిజానికి చాలామంది పరీక్షలు మానేసేది బాగున్న రోజుల్లోనే.

బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. దీన్ని తగ్గించడానికి మొదటి ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. మద్యం రక్తంలోకి మునుపటికంటే త్వరగా, ఎక్కువ మోతాదులో చేరుతుంది. రెండో ఏడు నుంచి మద్యానికి బానిసలయ్యే ముప్పు పెరుగుతుందని అమెరికా అధ్యయనాల్లో తేలింది.

బరువు తగ్గేకొద్దీ నెలసరి సర్దుకుని సంతానయోగ్యత పెరుగుతుంది. గర్భం మాత్రం 12 నుంచి 18 నెలలు వాయిదా వేయాలి. నోటి మాత్రలు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు కాబట్టి వేరే గర్భనిరోధక పద్ధతి మేలు. గర్భం వచ్చాక షుగర్ కోసం గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే పరీక్ష వీరికి డంపింగ్ తెస్తుంది. దాని బదులు వారంపాటు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకోమనడం సరైన దారి.

## బరువు తగ్గుతోంది కదా అని ఊరుకోకూడనివి

వాంతులు వరసగా వారం దాటి సాగితే బరువు ఇంకా వేగంగా దిగుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని మంచి సూచనగా కూడా అనుకుంటారు. నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య మొదట ఘనాహారం, తర్వాత మెత్తటిది, చివరికి నీళ్లు కూడా దిగకపోతే, సంచికీ పేగుకీ వేసిన అతుకు ఇరుకైందేమో చూడాలి. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తే సరిపోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం థయమిన్, అంటే బీ1 విటమిన్ అడుగంటడం. శరీరంలో దీని నిల్వ కొన్ని వారాలకే సరిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక కావడం దీని లక్షణాలు. ఇలాంటి రోగిని దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే మొదట చేసే పని గ్లూకోజ్ సీసా పెట్టడం. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ముందు థయమిన్ ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్. ఈ ఒక్క మాట రోగి ఇంట్లోవాళ్లకు గుర్తుండాలి.

రెండోది లోపలి హెర్నియా. పేగును పైకి తెచ్చినప్పుడు దాని వెనక సందులు ఏర్పడతాయి, వాటిలోకి పేగు జారి ఇరుక్కోవడమే ఇది. బరువు తగ్గి పేగు చుట్టూ ఉన్న కొవ్వు కరిగాక ఆ సందులు పెద్దవవుతాయి. అందుకే ఇది ఆపరేషన్ అయిన వారంలో కాక, ఏడాది, రెండేళ్లకు వస్తుంది. తిన్న తర్వాత బొడ్డు పైన మెలిపెట్టే నొప్పి వచ్చి పోతుంటుంది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు. నొప్పి లేనప్పుడు తీసిన స్కాన్ మామూలుగా ఉండొచ్చు. నొప్పి ఆగకుండా వస్తే అదే రోజు బేరియాట్రిక్ సర్జన్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టరు) చూడాలి, ఎందుకంటే పేగుకు రక్తం ఆగిపోతే సమయం గంటల్లోనే ఉంటుంది. గర్భిణుల్లో ఈ ముప్పు ఎక్కువ.

అతుకు దగ్గర పుండు పొగతాగేవారిలోనూ, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడేవారిలోనూ వస్తుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర ఇకపై పారాసిటమాల్ అయి ఉండాలి.

## షుగర్ మందులు ముందే తగ్గుతాయి

బరువు ఇంకా దిగకముందే, ఆపరేషన్ అయిన కొన్ని రోజుల్లోనే రక్తంలో చక్కెర తగ్గడం మొదలవుతుంది. పాత మోతాదులో గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. బీపీ మందులకూ, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే వాటికీ ఇదే వర్తిస్తుంది. యూటా అధ్యయనంలో షుగర్ ఉన్నవారిలో రెండేళ్లకు 75 శాతం మంది, ఆరేళ్లకు 62 శాతం, పన్నెండేళ్లకు 51 శాతం మంది వ్యాధి ఉపశమన స్థితిలో ఉన్నారు. "షుగర్ పోయింది" అనుకుని పరీక్షలు ఆపకూడదనడానికి ఈ తగ్గుతున్న అంకెలే కారణం.

## స్లీవ్‌తో, ఇంజెక్షన్లతో పోలిస్తే

స్లీవ్ ఆపరేషన్‌లో పేగు జోలికి వెళ్లరు. జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని కోసి తీసేస్తారు. ఫిన్లాండ్‌లో జరిగిన పోలిక అధ్యయనంలో ఐదేళ్లకు అదనపు బరువు స్లీవ్‌లో 49 శాతం, బైపాస్‌లో 57 శాతం తగ్గింది. తేడా ఉంది కానీ భారీది కాదు. గుండెమంట, పుల్లతేన్పులు ముందే ఉన్నవారికి బైపాస్ మేలు, స్లీవ్ తర్వాత అవి పెరగొచ్చు.

మన దేశంలో బైపాస్ పేరుతో జరిగేవాటిలో మినీ బైపాస్ కూడా చాలా ఎక్కువ. ఇందులో ఒకే అతుకు ఉంటుంది, దాటవేసే పేగు 150 నుంచి 200 సెంటీమీటర్లు. తగ్గుదల రూ-ఎన్-వైకి సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ విరేచనాలు, పోషక లోపాలు పెరుగుతాయి. అందుకే డిశ్చార్జి సమ్మరీలో మూడు విషయాలు రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి: ఏ రకం బైపాస్, పేగు పొడవులెంత, పేగు వెనక సందులు కుట్టారా లేదా. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడి డాక్టరుకు కావాల్సింది ఈ మూడే.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతికొస్తే, పెద్ద అధ్యయనాల్లో సెమాగ్లూటైడ్‌తో 68 వారాలకు సుమారు 15 శాతం, టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాలకు దాదాపు 21 శాతం బరువు తగ్గింది. రెండూ 2025 నుంచి బరువు తగ్గించే మందులుగా మన దేశంలో దొరుకుతున్నాయి. సెమాగ్లూటైడ్ ఆపేసినవారిని గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోనే తిరిగొచ్చింది. బీఎంఐ 32 ఉన్న మనిషికి ఇంజెక్షన్ చాలవచ్చు. 47 ఉన్న మనిషికి 15 శాతం తగ్గుదల సరిపోదు.

## తిరిగి పెరిగితే ఎక్కడ వెతకాలి

మొదట వెతకాల్సింది కంచంలో కాదు, కంచం బయట. జంతికలు, చేగోడీలు, మిక్చర్, బిస్కెట్లు నోట్లోనే కరిగి సంచిలోంచి జారిపోతాయి. కడుపు నిండదు, కేలరీలు నిండుతాయి. టీ, కాఫీల్లో పంచదార, సాయంత్రం కూల్‌డ్రింకు కూడా అంతే. వారంపాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ రాసి డైటీషియన్‌కు చూపిస్తే చాలామందిలో కారణం అక్కడే బయటపడుతుంది. తర్వాత థైరాయిడ్, కొత్తగా మొదలుపెట్టిన మందులు, నిద్ర, మద్యం చూడాలి.

ఇవేవీ కాకపోతే ఎండోస్కోపీ. సంచి నుంచి పేగులోకి వెళ్లే దారి మొదట 12 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది బాగా వెడల్పైతే ఎండోస్కోప్‌తోనే కుట్టి బిగించవచ్చు. సంచికీ మిగిలిన పాత జీర్ణాశయానికీ మధ్య దారి ఏర్పడిందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. పేగు పొడవు మార్చే రెండో ఆపరేషన్‌కు ముప్పు మొదటిదానికంటే ఎక్కువ, పోషక లోపాలూ ఎక్కువే. అందుకే ఇప్పుడు దానికంటే ముందు మందులు ప్రయత్నిస్తున్నారు. ఆపరేషన్ తర్వాత సరిగా తగ్గని వారిపై బ్రిటన్‌లో జరిగిన ఒక పరీక్షలో, రోజూ లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారు 24 వారాల్లో 8.8 శాతం బరువు తగ్గగా, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో తగ్గుదల అర శాతమే.